పిడికి కట్టిన ఎర్రదారం

మా మామగారు పోయారు. శ్రావణంలో, ముసురు కాస్త తెరిపిచ్చిన ఒక ఉదయం కాఫీ అడిగి, అత్తగారు గ్లాసు పట్టుకొచ్చేలోపు పడక్కుర్చీలోనే వెళ్ళిపోయారు. తరువాత చుట్టాలు వచ్చారు, ఆఫీసు వాళ్ళు వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది మాత్రం బర్రెల భాయ్. రోజూలాగే పాలు పోయడానికి వచ్చి, లోపల ఏడుపు విని గుమ్మంలోనే ఆగిపోయాడు. సంగతి తెలిశాక క్యాను కింద పెట్టి, "జహాజ్ సాబ్ గుజర్ గయే క్యా?" అంటూ మెట్టు మీద కూలబడ్డాడు. కిషన్‌బాగ్‌లో మా మామగారి అసలు పేరు సగం మందికి తెలియదు. జహాజ్ సాబ్, అంటే విమానం సారు, ఇల్లెక్కడంటే మాత్రం ఆటోవాళ్ళు తిన్నగా మా గేటు ముందు దింపేవారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ వాళ్ళ గొప్పలే చెబుతారు. మా మామగారికి అంత గొప్పలేం లేవు. ముక్కోపి. కూరలో ఉప్పు తగ్గితే కంచం పక్కకు జరిపే రకం. మళ్ళీ పావుగంటకు తనే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక గోడమీది క్యాలెండరు చదివే రకం. క్షమించమని నోటితో అనడం ఆయనకు చేతకాలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా అదే.

ఆయనది గుంటూరు వైపు. సర్కారు ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. వారమంతా ఆఫీసు, ఆదివారం విమానం. తేలిక చెక్కతో, పల్చటి కాగితంతో తనే చేసుకున్న విమానం. ముక్కున అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ఇంజను, దానికో పంకా. రిమోటు గిమోటు ఏమీ లేదు. రెక్క చివర నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు బయలుదేరి, దూరంగా నిలబడ్డ మామగారి చేతిలోని చెక్క పిడికి తగులుకుంటాయి. ఆయన మైదానం నడుమ నిలబడి తన చుట్టూ తాను తిరుగుతుంటే, విమానం ఆ తీగల మీద గిర్రున ఆయన చుట్టూ తిరుగుతుంది. పిడి పై చివరను తనవైపు వంచితే తీగ లాగి తోకలోని చిన్న రెక్క లేస్తుంది, విమానం పైకి పోతుంది, కింది చివరను వంచితే కిందికి దిగుతుంది. అంతే విద్య. "అంత చదువూ చదివి గానుగ తిప్పుతున్నారు," అనేది మా అత్తగారు.

నేను పాతబస్తీలో గాజుల దుకాణం వాళ్ళ అమ్మాయిని. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేసరికి తొంభైల మొదలు. మా ఆయనకు ఆదివారమంటే దుప్పటి. కాబట్టి కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక ఆదివారం పొద్దున్నే మామగారు నా దగ్గరకు వచ్చి, చాలా మర్యాదగా, "అమ్మాయ్, నీకు గట్టిగా అరవడం వచ్చా?" అని అడిగారు.

"గాజుల దుకాణంల పెరిగిన మామా. మా బజార్ల అరవకుంటె గిరాకీ నిలవడదు," అన్నాను.

"అయితే చెప్పులు తొడుక్కో."

అలా నేను ఆయనకు విమానం పట్టేదాన్నయ్యాను. ఇంజను మోగుతుంటే విమానాన్ని వెనకనుంచి కదలకుండా పట్టుకోవాలి. ఆయన నడిమధ్యకు వెళ్ళి, పిడి చేతికి తీసుకుని తల ఊపగానే వదలాలి. వదిలి, వంగి, వెనక్కి తిరగకుండా బయటకు పరుగెత్తాలి. చేతికి గాజులు ఉండకూడదు. గాజుల దుకాణం పిల్లను గాజులు తీయించి మైదానంలో నిలబెట్టారని మా పుట్టింట్లో తెలిస్తే పెద్ద లొల్లి అయ్యేదే.

మైదానమంటే మూసీ వైపున్న పచ్చిక. వానాకాలంలో గడ్డి మోకాళ్ళదాకా పెరిగేది. గడ్డి పొడుగ్గా ఉంటే విమానం చక్రాలకు చుట్టుకుని లేవకముందే ముక్కు మీద పడుతుంది. అందుకని మామగారు బర్రెల భాయ్‌తో ఒప్పందం చేసుకున్నారు. శనివారం సాయంత్రం బర్రెలన్నీ సరిగ్గా విమానం తిరిగే మా గుండ్రటి గీతలోనే మేయాలి. భాయ్ తోలుకొచ్చేవాడు, అవి శుభ్రంగా మేసేవి, గడ్డి నున్నగా అయ్యేది. వచ్చిన చిక్కల్లా అవి తిన్నచోటే వేయడం. ఆదివారం ఎండెక్కకముందే మామగారు పారతో పేడ ఎత్తిపోసి, చెప్పులు విడిచి గుండ్రమంతా ఒట్టి కాళ్ళతో నడిచేవారు. రాయి తగిలితే తీసేవారు, ఎలుకబొరియ కనిపిస్తే మట్టి కూరేవారు. తిరిగేవాడి కళ్ళు విమానం మీదుంటాయి, కాలి కింద ఏముందో కాలికే తెలియాలి.

"ఆకాశంతో మనకు పేచీ లేదమ్మా. పేచీ అంతా నేలతోనే," అనేవారు.

నిజమే. ఆ గడ్డిలో ఎన్ని గండాలో చూశాను. తడి గడ్డి మీద కాలు జారితే విమానం వచ్చి నేలను గుద్దుకుంటుంది. కళ్ళు తిరిగితే పడిపోతాడు, పడిపోయినా పిడి వదలకూడదు. అందుకే పిడికి ఒక తోలుపట్టీ కుట్టి మణికట్టుకు బిగించుకునేవారు. పంకా ఎన్నోసార్లు ఆయన వేలు కొరికింది. కుడిచేతి చూపుడువేలి కొన సగం మొద్దుగా ఉండేది, ఆ వేలితోనే ఆఫీసులో అంత సన్నటి గీతలు గీసేవారు. పతంగుల రోజుల్లో తెగిన పతంగి కోసం ఆకాశంలోకి చూస్తూ పరిగెత్తేవాళ్ళు సరాసరి గీతలోకి వచ్చేసేవారు. నేను గొంతు చించుకుని అరిచేదాన్ని. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

అన్నిటికంటే పెద్ద గండం ఇంకొకటి. ఒకసారి లేచాక విమానాన్ని ఆపడం ఆయన చేతిలో లేదు. ఇంజనులో పోసిన నూనె అయిపోయేదాకా అది తిరుగుతూనే ఉంటుంది, ఆయన తిరుగుతూనే ఉండాలి. ఒక ఆదివారం విమానం గాల్లో ఉండగా ఒక బర్రె తాపీగా గీతలోకి నడిచొచ్చింది. మామగారు తిరిగిన ప్రతిసారీ విమానాన్ని దాని వీపు మీదుగా లేపి అవతల దించారు. బర్రె తలెత్తలేదు. భాయ్ మాత్రం గీత బయట నిలబడి, "సాబ్! ఉస్కా దూద్ సూఖ్ జాతా సాబ్!" అని, దాని పాలు ఎండిపోతాయని నెత్తి కొట్టుకున్నాడు. నూనె అయిపోయి విమానం దిగాక, మామగారు వచ్చి ముందు బర్రె వీపు తడిమి చూశారు, తరువాతే విమానాన్ని చూశారు.

ఇక పిడి సంగతి. టేకు చెక్క ముక్క, ఆయనే చెక్కుకున్నది, ఏ చివర చూసినా ఒకటే తీరు. తలకిందులుగా పట్టుకున్నారంటే పైకి అనుకున్నది కిందికి పోతుంది. అందుకని పై చివరకు గుర్తుగా ఎర్రదారం చుట్టేవారు. మా దుకాణంలో డజను డజనుగా గాజులు కట్టే దారం. నేను కాపురానికి తెచ్చిన గాజుల పెట్టెలోదే. గుర్తు ఉన్నా సరే, ఇంజను మొదలెట్టకముందు పరీక్ష తప్పదు. తీగలు పరిచి, ఆయన నడుమ నిలబడి పిడి వంచుతారు. నేను విమానం తోక చూసి, తోకరెక్క పైకి లేస్తే "పైకి!" అని, దిగితే "కిందికి!" అని అరవాలి. నా గొంతుతో ఆయనకు పని అక్కడే. "గుర్తును నమ్మకు, తోకను చూడు," అని మొదటిరోజే చెప్పారు.

ఇంట్లో ఈ విమానం మీద జరిగే యుద్ధమంతా ఆముదం గురించి. దాని నూనెలో ఆముదం కలపాలి. అత్తగారు తలకు రాసుకోవడానికి తెప్పించిన ఆముదం సీసా వారం తిరక్కుండా ఖాళీ అయ్యేది. "మనుషులకు లేదు గానీ దానికి తలంటు," అని ఆవిడ సణిగేది. ఆయన స్కూటరు మీద పోయి ఇంకో సీసా తెచ్చేవారు. మైదానం నుంచి పేడకొట్టుకుని వచ్చిన విమానాన్ని గుమ్మంలోనే ఆపి, తడిగుడ్డతో తుడిచి లోపలికి రానిచ్చేది ఆవిడే. ఒక్కసారి కూడా మైదానానికి మాత్రం రాలేదు. భయం. ఆయన వేలి కట్లు విప్పి కట్టేది ఆవిడే కదా. "ఒక్కసారి వచ్చి చూడవే," అని ఆయన ఎన్నిసార్లు అడిగారో.

ఒక దసరాకు వచ్చింది.

ఆ పొద్దున ఆయుధపూజ. గుడిమల్కాపూర్ నుంచి బంతిపూలు తెప్పించి ఆవిడ ఇంట్లో ఉన్న ఇనుమంతా దేవుడి ముందు పెట్టింది. కుట్టుమిషను, కత్తెర, కత్తిపీట, బయట స్కూటరు. ఆ ఏడాది మొదటిసారి తనంతట తనే అల్మారా మీంచి విమానం కూడా దించింది. మొగుడి వేళ్ళు కొరకవద్దని దాని ముక్కుకు బొట్టు పెట్టింది. పిడికి చుట్టిన ఎర్రదారం ఆముదం పీల్చి నల్లగా, జిడ్డుగా ఉంది. పూజలో అలాంటిది పెడతారా? తెంపేసింది. కడిగి, పసుపు రాసి, కొత్త ఎర్రదారం కట్టింది. ఏ చివర కట్టాలో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడకు అది మంగళసూత్రం లాంటి దారం, మామగారికి గుర్తు.

అంతా అయ్యాక, "ఏవండీ, ఇవాళ నేనూ వస్తాను," అంది. పులిహోర గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉంది.

ఆ మనిషి ముఖం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. స్కూటరు మీద ఆవిడ, వెనకాల ఆటోలో విమానంతో నేను. దారిలోనే మబ్బు పట్టింది. ఆవిడ చూడక చూడక వచ్చింది, వాన వచ్చేస్తే ఇక చూడదేమోనని ఆయనకు ఆత్రం. తీగలు పరిచారు. నేను తోక దగ్గర కూర్చుని, "మామా, చూసుకుందామా?" అన్నాను.

"అక్కర్లేదమ్మా, దారం ఉందిగా. చినుకులు మొదలయ్యాయి, ఇక కానియ్యి."

ఇంజను మోగింది. ఆయన నడుమకు పోయి, ఎర్రదారం పైకి వచ్చేలా పిడి పట్టుకుని తల ఊపారు. నేను వదిలి పరిగెత్తాను. విమానం గడ్డి మీద దూసుకుపోయి, కాస్త లేచింది. ఆయన ఇంకా పైకి లేపబోయారు. అది ముక్కు కిందికి పెట్టి నేలలో దిగబడింది. పంకా ముక్కలై ఎగిరింది. రెక్కలు విరిగి, కాగితం చిరిగి, పొద్దున పెట్టిన బంతిపువ్వుతో సహా గడ్డిలో పడి ఉంది. అది ఆయన ఏడాదిపాటు చేసిన విమానం.

ఆయన పిడి వంక చూశారు. తిప్పి చూశారు. అర్థమైంది. అప్పుడు, బర్రెల భాయ్ ముందు, నా ముందు, పండగ చీర కట్టుకుని గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషిని పట్టుకుని అరిచారు.

"నువ్వు ముట్టుకోకపోతే ఏం పోయింది? నువ్వు చెయ్యి పెట్టావు, అది నేలపాలైంది!"

ఆవిడ పులిహోర భాయ్ చేతిలో పెట్టింది. "పద అమ్మాయ్, వాన వస్తోంది," అంది. ఇంటికి వచ్చి చీర మార్చుకుని వంట మొదలుపెట్టింది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు, ఉల్లిపాయలు మాత్రం చాలా తరిగింది.

ఆ తరువాత మామగారు పంకా కొత్తది వేసుకున్నారు, కొత్త రెక్కలు చేసుకున్నారు, మళ్ళీ ఎగరేశారు. అత్తగారు మాత్రం మళ్ళీ ఆ వస్తువుల్లో దేన్నీ ముట్టుకోలేదు. అలిగిందని అనలేం. మాటలు మామూలే, కాఫీ మామూలే. ఆముదం సీసా తనే కిటికీలో పెట్టేది, సణగడం కూడా మానేసింది. ఆ సణుగుడు లేని ఇంట్లో ఆయనకు తోచేది కాదు. దుమ్ము దులిపేటప్పుడు విమానం చుట్టూ దులిపేది. దాని మీది దుమ్ము దాని మీదే ఉండేది. ఆదివారం ఆయన స్కూటరు తీస్తూ, "వస్తావేంటి?" అని గాలిలోకి అడిగేవారు. "నాకు పనుంది," అని వంటింట్లోంచి జవాబు వచ్చేది.

ఆ దారం తీసేశాక పిడికి ఆయన మళ్ళీ దారం కట్టలేదు. రంగైనా పూయమని నేను చెప్పాను. "వద్దమ్మా. గుర్తుంటే గుర్తును నమ్ముతాం. లేకపోతే తోక చూస్తాం," అన్నారు. నేను నమ్మలేదు. ప్రతి దసరాకూ ఆ బోసి పిడిని తెచ్చి, కత్తెరకూ కుట్టుమిషనుకూ మధ్య పెట్టేవారు. పెట్టి గుమ్మం దగ్గర నిలబడి క్యాలెండరు చదివేవారు. అత్తగారు కుంకుమ భరిణె పట్టుకుని వరుసగా వచ్చేది. కత్తిపీటకు బొట్టు, కత్తెరకు బొట్టు. పిడి దగ్గర చెయ్యి ఆగేది కూడా కాదు, దాటి కుట్టుమిషను మీదికి పోయేది. ఆయన క్యాలెండరు ముందే ఇంకాసేపు నిలబడి బయటకు పోయేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక ఆ పచ్చికను ప్లాట్లు చేశారు. మొదట కరెంటు స్తంభాలు వచ్చాయి, మైదానం మీదుగా తీగలు లాగారు. ఉక్కు తీగ వెళ్ళి కరెంటు తీగకు తగిలితే పిడి పట్టుకున్నవాడు మిగలడు. ఒక ఆదివారం ఆయన స్తంభాల కింద నిలబడి తల పైకెత్తి చాలాసేపు చూశారు. విమానం పెట్టెలోంచి తీయనేలేదు.

"జన్మంతా నేలతోనే పేచీ అనుకున్నాను. చివరికి ఆకాశమూ ఒప్పుకోలేదు," అన్నారు. తరువాత, అడగకుండానే, "ఆ రోజు తప్పు దారానిది కాదమ్మా. దారాన్ని నమ్మి తోక చూడనివాడిది. అది లేవకముందే నాకు తెలియాల్సింది. తెలిసే మీ అత్త మీద అరిచాను," అన్నారు.

"గీ మాట నాకెందుకు మామా, అత్తమ్మకు చెప్పుండ్రి."

"చెప్తాను. నువ్వు చెప్పకు, నేనే చెప్పాలి. సమయం చూసి చెప్తాను."

సమయం చూస్తూనే ఉన్నారు. ఆయన రిటైరయ్యారు, స్కూటరు అమ్మేశారు, మోకాళ్ళు పట్టేశాయి. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇద్దరూ టీవీ చూసేవారు. పోయిన దసరాకు గోడ పట్టుకుని నడుస్తూ తనే పిడిని తెచ్చి దేవుడి ముందు పెట్టారు. నేను చూస్తున్నాను. ఒక్క మాట, అదిగో గుమ్మంలోనే ఉన్నారు, ఒక్క మాట అంటే అయిపోతుంది. అత్తగారు భరిణెతో వచ్చింది. కత్తెరకు పెట్టింది, దాటి పోయింది. ఆయన క్యాలెండరు వైపు తిరిగారు.

ఈ ఏడు మాకు పండగ లేదు, ఏటిసూతకం. దసరా రోజు ఇంట్లో దీపం తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే అత్తగారు వచ్చి నిలబడింది. చేతిలో పిడి ఉంది, తీగల చుట్ట ఉంది.

"అమ్మాయ్, ఇందులో ఏది పైకి?" అంది.

ఇక ఆ మాట నా దగ్గర దాచుకోవడం నా వల్ల కాలేదు. "మామ చెప్పిండు అత్తమ్మా. ఆ రోజు తప్పు నీది కాదు, తనదే అని చెప్పిండు. నీకు తనే చెప్పాల్నని నన్ను చెప్పొద్దన్నడు."

ఆవిడ మంచం అంచున కూర్చుంది. పిడిని రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పింది.

"నీతో అన్నారు కదా, నాతో ఒక్క మాట అంటే ఏం పోయేది?" అంది. పిడిని ఒళ్ళో పెట్టుకుని, "నేను ఒక్క బొట్టు పెడితే నాకేం పోయేది?" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పోయిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చుని వీపు నిమరడం తప్ప ఏం చేయను? మనుషులు పోయాక మాటలన్నీ దొరుకుతాయి, ఎవరితో అనాలో వాళ్ళు మాత్రం దొరకరు.

తరువాత కళ్ళు తుడుచుకుని, "చెప్పు, ఏది పైకి?" అని మళ్ళీ అడిగింది.

"పిడిని చూసి చెప్పేది కాదు అత్తమ్మా. తోక చూడాలె."

విమానం దించాను. ఇద్దరం డాబా మీదికి ఎక్కాం. బట్టల తీగలు విప్పేసి, ఈ మూల నుంచి ఆ మూలకు ఉక్కు తీగలు పరిచాను. విమానాన్ని ఒడిలో పెట్టుకుని, అలవాటుగా గాజులు పైకి తోసుకుని, తోక దగ్గర కూర్చున్నాను. ఆవిడ అవతలి మూలలో నిలబడి పిడి పట్టుకుంది. తోలుపట్టీ మణికట్టుకు వదులుగా వేలాడుతోంది. ఆయన చెయ్యి పెద్దది.

వంచింది. తోకరెక్క దిగింది.

"కిందికి!" అని అరిచాను. పక్క డాబా వాళ్ళు తిరిగి చూశారు.

ఆవిడ పిడిని తలకిందులు చేసి పట్టుకుంది. మళ్ళీ వంచింది.

"పైకి!"

కొంగు ముడి విప్పి ఎర్రదారం తీసింది. మా దుకాణం దారమే, ఎప్పటి నుంచి దాచిందో. పై చివరకు చుట్టి, పంటితో కొరికి ముడి బిగించింది. నేను చూస్తున్నానని గమనించి, "పూజ కాదులే. గుర్తు," అంది.

పని అయిపోయింది, తీగలు చుట్టేద్దామని నేను లేవబోయాను. ఆవిడ పిడి దించలేదు. ఆకాశం వైపు చూస్తూ మెల్లగా తనవైపు వంచింది, వదిలింది, మళ్ళీ వంచింది. వంచినప్పుడల్లా నా ఒళ్ళో ఆ చిన్న తోకరెక్క లేస్తూనే ఉంది. నేను కూర్చుని "పైకి" అంటూనే ఉన్నాను.